ఆదివారం నాడు ఎవరూ కొలవని నేల

సింగపూర్‌లో పార్కులు గీసే ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడు రాజమండ్రిలో మా పెద్దత్త చాలాసేపు ఆలోచించి, "తోటమాలి పనికి అంత దూరం ఎందుకే? కడియంలో మొక్కలకేం కరువొచ్చింది?" అంది. అప్పుడు ఒళ్లు మండింది. ఇప్పుడు రిటైరయ్యి పాసిర్ రిస్‌లోని మా ఫ్లాట్ బాల్కనీలో నాలుగు కుండీలు పెట్టుకుని కూర్చున్నాక, ఆవిడ మరీ అంత తప్పేమీ అనలేదనిపిస్తోంది. తోటమాలి మొక్క ఎక్కడ బతుకుతుందో చూస్తాడు. నా పని మనుషులు ఎక్కడ కూర్చుంటారో చూడటం. కాకపోతే ఎవరు ఎక్కడ కూర్చోకూడదో కూడా మా గీతలే నిర్ణయిస్తాయి. ఈ రెండో సగం గురించి కాలేజీలో ఎవరూ చెప్పరు.

ఈ రంగంలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. పెసరట్లు తింటూ ఏ సాఫ్ట్‌వేర్ మంచిది, ఏ మొక్క నీడలో బతుకుతుంది అని అడుగుతారు. అవి నాకంటే వాళ్ల ఫోన్లకే బాగా తెలుసు. నాకు ఏ ఏడు ఏ హోదా వచ్చిందో వాళ్లకి అక్కర్లేదు, నాకూ సరిగ్గా గుర్తులేదు. నేను చెప్పగలిగినవి రెండు మూడు సంగతులు. వాటిలో ఒకటి పెద్దది, దాన్ని చివర్లో చెబుతాను. ముందు ఒక బెంచీ గురించి చెప్పాలి.

టిష్యూ పొట్లం పెట్టిన బెంచీ

నేను చేరిన ఆఫీసు చిన్నది. మా బాసు మిస్టర్ టే. పొట్టిగా, బట్టతలతో, ఎప్పుడూ చొక్కా జేబులో ఒక పెన్సిల్ ముక్కతో ఉండేవాడు. కంప్యూటర్ మీద గీసిన గీతను ఆయన నమ్మేవాడు కాదు. "చాలా శుభ్రంగా ఉంది. నేల ఇంత శుభ్రంగా ఉండదు లా," అనేవాడు, ఇక్కడివాళ్లందరిలాగే మాట చివర ఒక "లా" తగిలించి.

మేము కొత్తగా కట్టిన ఒక పార్కును కొన్నాళ్ల తర్వాత చూసి రమ్మని నన్ను పంపాడు. ఎంతో ముచ్చటపడి గీసిన పార్కు అది. బెంచీలన్నీ పూలమళ్ల వైపు తిరిగి ఉండేలా పెట్టాను. వెళ్లి చూస్తే ఒక్క బెంచీ మీదా మనిషి లేడు. ఒక మూల మాత్రం, కాంట్రాక్టరు తొందరలో వంకరగా బిగించిన బెంచీ ఒకటి బస్ స్టాప్ వైపు తిరిగి ఉంది. దాని మీద ఒక టిష్యూ పేపర్ పొట్లం పెట్టి ఉంది. ఇక్కడ హాకర్ సెంటర్‌లో, అంటే తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాల్లో, అన్నం తెచ్చుకోవడానికి వెళ్లేముందు టేబుల్ మీద టిష్యూ పొట్లం పెట్టి వెళ్తే, ఆ చోటు వాళ్లదని అర్థం. దాన్నే చోప్ చేయడం అంటారు. పార్కు బెంచీని చోప్ చేసినవాళ్లను మాత్రం అంతకుముందు చూడలేదు.

కాసేపటికి కూరగాయల సంచీతో ఒక చైనీస్ పెద్దాయన వచ్చి, పొట్లం తీసి జేబులో పెట్టుకుని, బెంచీ మీద హాయిగా కూర్చున్నాడు. నేను ఉండబట్టలేక, "అంకుల్, అటువైపు పూలు బాగున్నాయి కదా," అన్నాను.

"పూలు మాట్లాడవు లా," అన్నాడాయన. "బస్సు దిగేవాళ్లు హలో చెబుతారు."

మిస్టర్ టేకి ఈ సంగతి చెబితే కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. ఆ తర్వాత మా ఆఫీసు నుంచి వెళ్లిన ఏ నక్షాలోనైనా సగం బెంచీలు దారుల వైపే తిరిగి ఉండేవి. పూలు బ్రోషర్ల కోసం. జనం పార్కుకి వచ్చేది జనాన్ని చూడటానికి. నమ్మకం లేకపోతే మీ ఇంటి కింది పార్కులో ఒక సాయంత్రం కూర్చుని చూడండి.

ముందు మకాన్

మిస్టర్ టే నాకు నేర్పినవాటిలో బాగా పనికొచ్చింది భోజనం. ఏ సైటుకి వెళ్లినా ముందు పక్కనున్న హాకర్ సెంటర్‌కి తీసుకెళ్లేవాడు. "మకాన్ ఫస్ట్," అనేవాడు. మకాన్ అంటే తిండి. నాకోసం మాంసం లేనిదేదో వెతికి తెప్పించి, తాను నూడుల్స్ తింటూ, పక్క టేబుల్ వాళ్లను కబుర్లలోకి దింపేవాడు. నేల ఎక్కడ చిత్తడి అవుతుంది, ఏ మూలన పిల్లలు ఆడతారు, ఏ అంకుల్‌కి ఏ ఆంటీతో పడదు, అన్నీ ఆ గంటలో తెలిసిపోయేవి. నక్షా ఆ తర్వాతే బయటికి తీసేవాళ్లం.

ఆయనకు ఒకే ఒక్క నియమం ఉండేది. ఆదివారం పనిచేయడు. ఆదివారం వాళ్లమ్మది. ఆవిడను బయటికి తీసుకెళ్లి, ఆవిడకు ఇష్టమైన గంజి తినిపించి, ఊరంతా తిప్పి తీసుకొచ్చేవాడు. అలాంటి కొడుకు దగ్గర పనిచేయడం నాకూ బాగుండేది. ఆయన రాడు కాబట్టి మేమూ ఆదివారం సైటుకి వెళ్లేవాళ్లం కాదు. నేల ఎలా వాడుకలో ఉందో చూసే సర్వేలన్నీ మామూలు రోజుల్లోనే జరిగేవి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం వెళ్లి శ్రద్ధగా రాసుకొచ్చేవాళ్లం. చాలా ఆఫీసులు ఇలాగే చేసేవి. అది తప్పని ఎవరికీ తోచలేదు.

ఆంగ్ మో కియోలో పచ్చగోడ

కంప్యూటర్లు రెండువేల సంవత్సరాన్ని పంతొమ్మిది వందలనుకుంటాయేమోనని ప్రపంచమంతా హడలిపోతున్న రోజులవి. మా ఆయన రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకు కంప్యూటర్లు చూసేవారు. ఆ ఏడాది హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి పిల్లలు విమానాల నిండా దిగారు. ఏ ట్రైనెక్కినా మెడలో ఆఫీసు కార్డు వేసుకున్న తెలుగువాళ్లు కనిపించేవాళ్లు.

మాకు ఆంగ్ మో కియోలో ఒక పని వచ్చింది. పాత ఫ్లాట్ల బ్లాకులకీ ఫ్యాక్టరీల పేటకీ మధ్య పెద్ద పచ్చిక నేల. ఒక పక్క వానకాలువ, ఇంకో పక్క కరెంటు సబ్‌స్టేషన్ గది. దాని గోడకు పచ్చరంగు వేసి ఉంటుంది. సర్వేలో తేలిందేమిటంటే, ఆ నేలను ఎవరూ వాడటం లేదు. పొద్దున ఒకరిద్దరు కుక్కల్ని తిప్పుతారు, అంతే. బ్లాకువాళ్లు ఆ కరెంటు గది కనపడకుండా చేయమన్నారు. మా వృత్తిలో కరెంటు గది కనిపిస్తే చుట్టూ ఒత్తుగా పొదలు నాటేయడం చేయి తిరిగిన అలవాటు. నేనూ నాటేశాను, కాగితం మీద. గోడకు ఆనుకుని మనిషి దూరలేనంత దట్టమైన పొదల వరస. నక్షాలకు అనుమతులు వచ్చాయి.

పని మొదలయ్యేలోపు ఒక ఆదివారం మా ఆయన ఆఫీసు స్నేహితుడు ప్రసాద్ ఇంట్లో సత్యనారాయణ వ్రతం. వాళ్ల ఫ్లాటు సరిగ్గా ఆ పచ్చిక పక్క బ్లాకులోనే. భోజనాలయ్యాక చేయి కడుక్కుని కారిడార్‌లోకి వచ్చాను. కింద నుంచి మాటలు వినిపించాయి. తెలుగు మాటలు. ఒకరిద్దరివి కాదు.

పిట్టగోడ మీంచి వంగి చూస్తే పచ్చిక నిండా మనుషులు. మేము ఎవరూ వాడటం లేదని రాసిన పచ్చిక. గుంపులు గుంపులుగా కూర్చుని ఉన్నారు. కొందరు కాలువ గట్టు మీద, కొందరు దీపస్తంభం చుట్టూ. అందరికంటే పెద్ద గుంపు ఆ పచ్చగోడ నీడలో, గోడ పొడుగునా వీపులు ఆనించి కూర్చుంది.

ప్రసాద్ నా పక్కకి వచ్చాడు. "చూశారా వదినగారూ? ఆదివారం వస్తే చాలు, ఇదీ వరస. అంతా మనవాళ్లే, కన్‌స్ట్రక్షన్‌లో, షిప్‌యార్డుల్లో చేసేవాళ్లు. పిల్లల్ని కిందికి పంపాలంటే భయం. కంప్లయింట్ పెట్టింది నేనే. ఆ గోడ చుట్టూ ఏదో నాటుతారట, ఇంక కూర్చోవడానికి ఉండదట."

ఏదో నాటేది ఎవరో ఆయనకు తెలియదు. ప్రసాద్ కూతురు, పదేళ్ల పిల్ల, వాళ్ల నాన్న చొక్కా పట్టుకుని, "దే ఆర్ జస్ట్ సిట్టింగ్ లా, డాడీ," అంది.

నేను వంటింట్లోకి వెళ్లి ప్రసాద్ భార్యనడిగి ఒక డబ్బా నిండా ప్రసాదం పెట్టించుకుని కిందికి దిగాను. ఎందుకు దిగానో ఇప్పటికీ చెప్పలేను. ఆ మాటలు దగ్గర్నుంచి వినాలనిపించింది.

చీర కట్టుకున్న ఆడమనిషి నేరుగా తమవైపు వస్తుంటే గోడ దగ్గరున్నవాళ్లందరూ లేచి నిలబడ్డారు. వెళ్లిపొమ్మని చెప్పడానికి వచ్చాననుకున్నారట. సత్యనారాయణస్వామి ప్రసాదం అన్నాక మొహాలు విప్పారాయి. ఒకాయన భుజం మీది తువ్వాలు తీసి నేలమీద పరిచాడు. "కూసోండి మేడం," అన్నాడు. నలభై దాటిన మనిషి, ఎండకి కాగిన మొహం. పేరు లింగయ్య. జగిత్యాల దగ్గర ఊరు.

"ఇంతమందీ ఒకే ఊరా?" అన్నాను.

"గోడకాడ ఉన్నోళ్లందరిది ఒక్క ఊరే మేడం. ఆ కట్ట మీద కూసున్నోళ్లు మెట్‌పల్లి దిక్కోళ్లు. కరెంటు కంబం కాడ శ్రీకాకుళం వాళ్లు. ఎవరి జాగ వాళ్లదే."

అప్పుడు ఆయన చెప్పిన సంగతి నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. వాళ్లకు అడ్రసు ఉండదు. ఇవాళ ఒక చివర టువాస్‌లో ఓడ కింద పని, వచ్చేనెల ఇంకో చివర చాంగీలో భవనం పని. కంపెనీ ఎక్కడికి పంపితే అక్కడ పడక. అప్పటికింకా సెల్‌ఫోన్ వాళ్ల చేతుల్లోకి రాలేదు. అందుకని ఊరికొక చోటు పెట్టుకున్నారు. సెలవు మీద ఊరికి పోయినవాడు తిరిగొచ్చేటప్పుడు అందరిళ్ల నుంచీ పచ్చళ్లూ సకినాలూ మూటకట్టుకొచ్చి గోడ దగ్గర పంచుతాడు. ఎవరింట్లో ఎవరు పుట్టారు, ఎవరికి బాగోలేదు, అన్నీ గోడ దగ్గరే చెబుతాడు. కొత్తగా వచ్చేవాడికి ఊళ్లో బస్సెక్కేటప్పుడే చెప్పి పంపుతారు: ఐతారం ఆంగ్ మో కియోల దిగు, పచ్చగోడ కాడికి పో, మనోళ్లు ఉంటరు.

"నేనచ్చినప్పుడు గిదంత ఎర్కలేదు మేడం," అన్నాడు లింగయ్య. "నెలలకు నెలలు నాతోని తెలుగుల మాట్లాడినోడు లేడు. రాత్రి పండుకుని నాతోని నేనే మాట్లాడుకునేటోన్ని, మాట మర్సిపోతనేమో అని."

ఆయన నవ్వుతూనే చెప్పాడు.

"ఇగ నా తమ్ముడస్తుండు. రాజేశం. నేనచ్చెటప్పుడు మీసాలు గూడ రాలే వానికి, గప్పటి సంది నేను ఇంటికి పోలే. ఊరు దాటి ఎన్నడు పోలేదు. ఏ కంపెనీల ఏస్తరో, ఏడ ఉంచుతరో దిగినంక గాని ఎర్కగాదు. వానికి నేను చెప్పింది ఒక్కటే, పచ్చగోడ. అచ్చే నెలాఖరుకు అస్తడు."

ఆ నెలాఖరుకే మా పని మొదలు కావాలి. ఆయన ఆ మాట అంటూ చేత్తో గోడను తడిమాడు. ఇంట్లో గేదెను నిమిరినట్టు ఉంది.

మిస్టర్ టే వాళ్లమ్మ

మర్నాడు మిస్టర్ టే గదిలోకి వెళ్లి అంతా చెప్పాను. ఆయన పెన్సిల్ ముక్కను తిప్పుతూ విన్నాడు.

"అప్రూవ్ అయిపోయింది. ఇప్పుడు మారిస్తే అందరూ మన మీద పడతారు. పైగా పొదలు అడిగింది అక్కడుండేవాళ్లే కదా. కమ్యూనిటీ అడిగింది, కమ్యూనిటీకి ఇచ్చాం."

"వాళ్లు కమ్యూనిటీ కాదా?"

"వాళ్లు అక్కడ ఉండరు లా."

"అక్కడ తప్ప ఇంకెక్కడా లేరు, సర్," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "మీరు ఒక్క ఆదివారం వచ్చి చూడండి."

ఆయన మొహం ఎర్రబడింది. ఆదివారం వాళ్లమ్మదని నాకు తెలిసీ అడిగినందుకు. ఆ వారమంతా నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఉద్యోగం పోయినట్టేనని ఇంట్లో చెప్పేశాను కూడా.

ఆదివారం నేను గోడ దగ్గర కూర్చుని ఉండగా ఆయన వచ్చాడు. వాళ్లమ్మను చక్రాల కుర్చీలో తోసుకుంటూ వచ్చాడు. పక్క హాకర్ సెంటర్‌లో గంజి బాగుంటుందని అమ్మే అడిగిందని నాతో అన్నాడు. అది అబద్ధమని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. పల్చటి తెల్లజుట్టు, పూలపూల పైజామా, పిట్టంత మనిషి ఆవిడ. మనుషులందరినీ కళ్లు చికిలించి చూసింది. అప్పుడే ఊరి నుంచి వచ్చిన ఒకతను మూట విప్పి పేర్లు పిలుస్తూ పంచుతున్నాడు. పిలిచిన ప్రతివాడూ లేచి వెళ్లి పొట్లం అందుకుని, అక్కడే విప్పి వాసన చూస్తున్నాడు.

ముసలావిడ కొడుకు చేయి పట్టుకుని, వాళ్ల చైనా ఊళ్ల భాష తియోచ్యూలో ఏదో మొదలుపెట్టింది. ఆపకుండా చెప్పింది. మిస్టర్ టే మొదట నాకు అనువాదం చేస్తూ వచ్చాడు.

"ఏం పంచుతున్నారని అడుగుతోంది... అమ్మ వాళ్ల నాన్న కూడా చైనా నుంచి వచ్చి ఇక్కడ ఓడ దిగినప్పుడు ఎవరూ తెలియదట. వాళ్ల ఊరివాళ్లు నది ఒడ్డున ఒక గదిలో ఉండేవాళ్లట. పగలు కొందరు, రాత్రి కొందరు, వంతులేసుకుని పడుకునేవాళ్లట. ఊరి పేరు చెప్పి అడుగుతూ అడుగుతూ వెళ్లాడట. తలుపు తీసినవాడు పేరు కూడా అడగలేదట. అన్నం తిన్నావా అని..."

అక్కడ ఆయన అనువాదం ఆగిపోయింది. వాళ్లమ్మ చెబుతూనే ఉంది. ఆయన వింటున్నాడు. ఆ కథ ఆయన అంతకుముందు ఎప్పుడూ వినలేదట. ఇన్ని ఆదివారాలు ఊరంతా తిప్పినా ఆవిడకు ఎక్కడా గుర్తుకు రాలేదట.

లింగయ్య వచ్చి ముసలావిడ చేతిలో ఒక సకినం పెట్టాడు. పళ్లు లేని ఆవిడ దాన్ని చప్పరిస్తూ కూర్చుంది. మిస్టర్ టే ఆ గోడ నీడను, నీడ ఎక్కడిదాకా వస్తోందో, జేబులోంచి పెన్సిల్ తీసి చేతిమీద గీసుకోవడం చూశాను. అప్పుడు నాకు ఆయన మీద ఎంత ప్రేమ కలిగిందంటే, ఆ తర్వాత ఎన్ని పెద్ద కంపెనీలు పిలిచినా ఆయన దగ్గర్నుంచి కదలలేదు.

నక్షా మారింది. పొదలు కాలువ వైపు వెళ్లాయి. గోడ పొడుగునా నీడపట్టున తక్కువ ఎత్తులో ఒక అరుగు, పక్కన ఒక మంచినీళ్ల కుళాయి వచ్చాయి. మిస్టర్ టే అనుమతుల కోసం కాళ్లరిగేలా తిరిగాడు. బ్లాకువాళ్ల మీటింగులో ప్రసాద్ గట్టిగానే వాదించాడు. ఆయన అభిప్రాయం ఏమీ మారలేదు. కానీ చీకటి పడ్డాక గొడవ ఉండకూడదు, చెత్త మిగలకూడదు అన్నాడు. లింగయ్య వాళ్లు సరేనన్నారు, మాట నిలబెట్టుకున్నారు కూడా. ఒకటి గుర్తుపెట్టుకోండి. ప్రసాద్ కూడా కమ్యూనిటీయే. ఆయన్ని విలన్ని చేసి మాట్లాడితే మీటింగులో చప్పట్లు వస్తాయేమో గానీ, పార్కు రాదు. ఇద్దరు మనుషుల్లో ఒకరిని మీ మనసులోంచి తీసేసిన రోజు మీ గీత వంకరపోయినట్టే.

రేకుల దడి

పని మొదలయ్యాక ఒక ఏర్పాటు చేసుకున్నాం. ముందు కాలువ వైపు, ఆ తర్వాత మధ్య, అన్నిటికంటే ఆఖరున గోడ వైపు. రాజేశం వచ్చి అన్నను కలిసేదాకా గోడ చుట్టూ దడి కట్టకూడదని నేను కాంట్రాక్టరు సూపర్‌వైజరుకి చిలక్కి చెప్పినట్టు చెప్పాను. ఆయన తలూపాడు.

శనివారం కాంట్రాక్టరు మనుషులకి దడి రేకులు అనుకున్నదానికంటే ముందే వచ్చాయి. పనివాళ్లు ఖాళీగా ఉన్నారు. ఎలాగూ కట్టాల్సిందేగా అని నేల మొత్తం చుట్టేశారు. ఆదివారం మధ్యాహ్నం నేను ట్రైన్ దిగి నడుచుకుంటూ వెళ్లేసరికి మనిషి కంటే ఎత్తుగా తెల్లటి రేకులు. గోడ లేదు. కాలువ గట్టు లేదు. రేకుల బయట కాలిబాట మీద లింగయ్య వాళ్లు నిలబడి ఉన్నారు. ఎక్కడ కూర్చోవాలో తెలియక అటూ ఇటూ మారుతున్నారు.

"తమ్ముడు దిగిండు అక్కా," అన్నాడు లింగయ్య. మేడం అప్పటికి అక్కయింది. "బుధారం దిగిండని ఊర్ల ఫోను బూత్ నడిపెటోడు చెప్పిండు. ఏ కంపెనీనో వానికి గూడ ఎర్కలేదు." ఆయన కళ్లు దారి మీదే ఉన్నాయి.

మిస్టర్ టేకి ఫోన్ చేశాను. అటువైపు గిన్నెల చప్పుడు, వాళ్లమ్మ గొంతు వినిపించాయి. "వస్తున్నా," అన్నాడు, అంతే. అరగంటలో కారు వచ్చి ఆగింది. వాళ్లమ్మ ముందు సీట్లోనే ఉంది, ఒళ్లో గంజి డబ్బాతో. ఆయన సూపర్‌వైజరుతో ఫోనులో మాట్లాడాడు. అంత నెమ్మదైన మనిషి అలా అరవగలడని నాకు తెలియదు. ఫోను పెట్టేసి లింగయ్య వాళ్ల వైపు తిరిగి, "ఇలాంటివి కట్టేది మీరే కదా? తీయండి," అన్నాడు.

నేను తెలుగులో చెప్పేలోపే వాళ్లకు అర్థమైంది. చూస్తుండగానే గోడ వైపు రేకులన్నీ ఊడిపోయి ఒక పక్కన వరసగా పేర్చి ఉన్నాయి. గోడ మళ్లీ దారికి కనిపించింది.

చీకటి పడేదాకా కూర్చున్నాం. రాజేశం రాలేదు. ఎవరు బస్సు దిగినా లింగయ్య సగం లేచేవాడు, మళ్లీ కూర్చునేవాడు. వెళ్లిపోయేముందు, "బాటల ఏడనో తప్పిపోయి ఉంటడు," అన్నాడు, తనకు తనే చెప్పుకుంటున్నట్టు. ఆ వారం ఆఫీసులో మిస్టర్ టే రోజూ ఒకసారి నా బల్ల దగ్గరికి వచ్చి, ఏమీ అడక్కుండానే నిలబడి వెళ్లేవాడు.

తర్వాతి ఆదివారం పొద్దున్నే వెళ్లాను. లింగయ్య నాకంటే ముందే వచ్చి ఉన్నాడు. ఇంకా కొంతమంది కూడా, ఎవరూ పిలవకపోయినా, పొద్దున్నే వచ్చేశారు. ఎండ ఇంకా ముదరలేదు. బస్ స్టాప్ వైపు నుంచి ఒక కుర్రవాడు నడిచి వస్తున్నాడు. మడతలు పోని కొత్త చొక్కా, చంకలో గుడ్డతో కట్టిన డబ్బా. గోడకు కాస్త దూరంలో ఆగి, అందరి మొహాలూ చూస్తూ నిలబడ్డాడు. లింగయ్య కూడా చూస్తున్నాడు. తను వదిలి వచ్చిన పిల్లవాడి కోసం వెతుకుతున్నాడు కాబట్టి, ఎదురుగా ఉన్న మీసాలవాణ్ని గుర్తుపట్టలేదు.

"గిది పచ్చగోడేనా?" అన్నాడు కుర్రవాడు.

లింగయ్య లేచాడు. రెండడుగులు వేసి ఆగాడు. "రాజేశం?" అన్నాడు. తర్వాత దగ్గరికి వెళ్లి కుర్రవాడి మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. మేమంతా ఎటో చూశాం.

"పోయిన ఐతారం ఎందుకు రాలేదురా?" అన్నాడు లింగయ్య చివరికి. అదిలిస్తున్నట్టు అందామనుకున్నాడు, చేతులు మాత్రం తమ్ముడి మొహాన్ని వదల్లేదు.

"అచ్చిన అన్నా. పొద్దుగాలనే అచ్చిన. గోడ కనవడలే. అంత రేకులే ఉన్నయి." రాజేశం డబ్బాను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "రేకుల సుట్టూత తిరిగిన. లోపల ఎవలన్న మన మాట మాట్లాడుతున్నరేమో అని చెవు పెట్టి ఇన్న. ఎవ్వలు లేరు. ఇగ పోయిన."

నా కళ్లు నిండిపోయాయి. దాచుకోవాలని కూడా అనిపించలేదు. ఇన్నేళ్లలో ఎన్నో గజాల దడి గీశాను, నక్షా మీద అది ఒక చుక్కల గీత. ఆ గీతకు చెవి ఆనించి ఒక మనిషి తన భాష కోసం విన్నాడు. నా దగ్గరికి వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఇదొక్కటే. ఏ నేలను మూసినా, ముందు అన్ని రోజులూ వెళ్లి చూడండి. అది ఎవరి అడ్రసో కనుక్కోండి.

లింగయ్య తమ్ముడి చంకలోని డబ్బా తీసుకున్నాడు. అమ్మ పంపిన చింతకాయ తొక్కు. మూత తీయకుండానే గుండెలకు ఆనించుకున్నాడు. "తిన్నావురా?" అన్నాడు. రాజేశం లేదన్నట్టు తలూపాడు.

గోడ నీడ ఆ పొద్దుటి పూట సన్నగా ఉంది. అప్పటికే నిండుగా కూర్చుని ఉన్నారు. ఇంకొక మనిషికి అక్కడ చోటు లేదు, చూస్తే నాకే తెలుస్తోంది.

"జరగుండ్రి జర," అన్నాడు లింగయ్య.

అందరూ తలా కొంచెం జరిగారు.